పెద్దవాళ్లతో పెళ్లి బట్టల ప్రయాణం: కాకినాడ మాల్, తాడితోట, ఉప్పాడ

కోనసీమ నుంచి పెళ్లి బట్టలకు బయలుదేరేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి రావులపాలెం మీదుగా రాజమండ్రి. రెండోది ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం దాటుకుంటూ కాకినాడ. మా మేనకోడలి పెళ్లికి రెండు ఊళ్లకూ వెళ్లాం. మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా వెంట ఉంది. అందుకని ధర, నాణ్యతతో పాటు ఆవిడకు కూర్చునే చోటు ఉందా, మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి ఎంత దూరం అన్నవి కూడా ప్రతిచోటా చూసుకున్నాం. ముసలివాళ్లను తీసుకుని వెళ్లేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

కాకినాడలో పిల్లల కోరిక మేరకు ముందు ఒక పెద్ద మాల్‌కు వెళ్లాం. కింద సరుకుల దుకాణం, పైన బట్టల అంతస్తులు, ఆ పైన తినుబండారాలు, సినిమా హాళ్లు. దాని గొప్పతనం ముందు చెప్పాలి. శుభ్రమైన మరుగుదొడ్లు, నీళ్లు, తలుపుకు గడియ. బజారుకు వెళ్లాల్సి వస్తే ఆడవాళ్లు పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడం మానేస్తారు. మా అక్క ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే. ఆ ఒక్క బాధ తీర్చినందుకే మాల్ అంటే నాకు గౌరవం కలిగింది. మగవాళ్ల చొక్కాలు, పిల్లల దుస్తులు కూడా అక్కడే కొనడం మేలు. వేసుకుని చూసుకోవచ్చు, బేరం గొడవ లేదు, కొలత కుదరకపోతే గడువులోగా మార్చుకోవచ్చు. రెడీమేడ్ దుస్తుల్లో ఒక్కోటి రూ.2,500 దాటితే జీఎస్టీ 18 శాతం, ఆ లోపైతే 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. చీటీ మీద రాసిన ధరలో పన్ను కలిసే ఉంటుంది కాబట్టి బిల్లు దగ్గర మళ్లీ కలపకూడదు.

అయితే అంత పెద్ద భవనంలో ఊరికే కూర్చోవడానికి ఒక్క బల్ల లేదు. తినే చోట కుర్చీలున్నాయి గానీ అవి పై అంతస్తులో ఉన్నాయి. కదిలే మెట్లంటే అమ్మకు భయం, లిఫ్టు దగ్గరేమో వరస. చీరల విభాగంలో ఆవిడ గోడకు ఆనుకుని నిలబడితే, అక్కడ పనిచేసే అమ్మాయి గమనించింది. "ఇలా కూర్చోండమ్మగారూ, చీరలు నేను తెచ్చి చూపిస్తాను" అంటూ లోపలి నుంచి తన స్టూలు తెచ్చి వేసింది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. కానీ పొద్దంతా నిలబడి పనిచేసే పిల్ల తన స్టూలు వదులుకుంటే తప్ప ముసలివాళ్లకు చోటు దొరకకపోవడం యాజమాన్యం లోపమే. అంతస్తుకు నాలుగు బల్లలు వేస్తే వాళ్ల వ్యాపారానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

రాజమండ్రి తాడితోటలోని మహాత్మాగాంధీ హోల్‌సేల్ వస్త్ర సముదాయానిది వేరే మర్యాద. వరసలు వరసలుగా కొట్లు. చాలా కొట్లలో చెప్పులు విప్పి పరుపు మీద కూర్చుంటే చీరలు మన దగ్గరికే వస్తాయి. "ఎన్ని కావాలంటే అన్ని చూడండి పిన్నిగారూ" అంటూ గుమస్తా గుట్టలు దించాడు. మాల్‌లో చిన్నబోయిన అమ్మ ఇక్కడ పెత్తనం చేతిలోకి తీసుకుంది. అంచు చూసి, పోగు నలిపి, బేరమాడి, బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలు, జాకెట్టు ముక్కలు, పంచెల చాపులు అన్నీ తనే తేల్చింది. ఒకే ధరలో ఇరవై ముప్పై చీరలు కావాల్సినవాళ్లు ఇంకో చోట వెతకనక్కర్లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. లోపలి దారులు ఇరుకు, ఉక్క, కారు దూరంగా పెట్టుకోవాలి, మరుగుదొడ్డి కోసం దగ్గరి హోటల్లో బతిమాలుకోవాలి. పొద్దున్నే వెళ్తే కొంత నయం. కారు లేనివాళ్లకు ఒక మాట: స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్ డబ్బులు లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం దగ్గర ఉంచుకోవాలి.

కాకినాడలో రాత్రి బసకు లాడ్జి గది ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. లిఫ్టు ఉందని రాశారు. వెళ్లేసరికి అది పనిచేయడం లేదు, గదేమో మూడో అంతస్తు. చాలాసేపు వాదిస్తే గానీ కింది గది ఇవ్వలేదు. గది తీసుకునే ముందు ఫోను చేసి, లిఫ్టు ఇవాళ నడుస్తోందా అని అడగండి. భోజనానికి సుబ్బయ్య హోటల్ వాళ్లు బుట్టలో సర్ది పంపే బుట్ట భోజనం గదికే తెప్పించుకున్నాం. అందరం కలిసి తిన్నా ఇంకా మిగిలింది. నిలబడి వంతు కోసం చూడలేని పెద్దలున్నవాళ్లకు అంతకంటే మంచి ఏర్పాటు ఆ ఊళ్లో లేదు.

పెళ్లికూతురి చీర మాత్రం ఉప్పాడలో. కాకినాడ నుంచి సముద్రం పక్కగా వెళ్లే దారి బాగుంటుంది గానీ, కోతకు గురైన చోట్ల నెమ్మదిగా వెళ్లాలి. జాందానీ అనే ఇక్కడి నేత చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మగ్గం మీద నేసేటప్పుడే ఒక్కో పువ్వుకూ విడిగా పోగు చుట్టి తీస్తారు కాబట్టి అసలైన చీరకు రెండు వైపులా పువ్వు ఒకేలా ఉంటుంది. వెనక తెగిన పోగులు కనిపిస్తే వదిలేయండి. నేతవారి ఇంట్లో చాప మీద కూర్చోబెట్టి, మగ్గం ఆపి మరీ చూపించారు. పువ్వుల పని ఎక్కువయ్యే కొద్దీ ధర పెరుగుతుంది, నెలల శ్రమ అది. అందుకే అక్కడ బేరం చేయొద్దని అమ్మే మమ్మల్ని వారించింది. ముహూర్తానికి కనీసం రెండు నెలల ముందు వెళ్తే కోరిన రంగులో, కోరిన అంచుతో నేసి ఇస్తామని వాళ్లన్నారు. మాకు అంత వ్యవధి లేక ఉన్నవాటిలోనే ఎంచుకున్నాం. మీకు వ్యవధి ఉంటే ముందు ఉప్పాడ వెళ్లి చీర చెప్పండి. మాల్, తాడితోట పనులు ఆ తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.