జనరేటర్, నాలుగు చలికాలాలు, ఒక హీటర్ ప్యాడ్

మిషిగన్‌లోని మా ఇంటికి 2021లో సహజవాయువుతో నడిచే స్టాండ్‌బై జనరేటర్, అంటే కరెంటు పోగానే తనంతట తానే అందుకునేది, పెట్టించుకున్నాము. ప్రతి ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు అది తనంతట తానే కాసేపు నడిచి, పచ్చదీపం చూపి ఆగిపోయేది. ఆ ఏర్పాటును నేను అప్పట్లో మిత్రులందరి దగ్గరా తెగ పొగిడాను. ఆ పొగడ్తను ఇప్పుడు కొంత తగ్గించుకోవలసి ఉంది.

2022లో క్రిస్మస్ ముందు వచ్చిన తుఫానులో, డిసెంబరు 24 తెల్లవారుజామున, బయట మైనస్ 15 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా ఉన్నప్పుడు కరెంటు పోయింది. ఇంటిని వెచ్చబరిచే మా ఫర్నేసు గ్యాస్‌దే అయినా దాని ఫ్యాన్ తిరగడానికి కరెంటు కావాలి. జనరేటర్ మూలిగి, ఆగి, మళ్ళీ మూలిగి, చివరకు ఎర్రదీపం వెలిగించి ఊరుకుంది. మీటరు పెట్టి చూస్తే, ఇంజన్‌ను తిప్పి లేపే బ్యాటరీ 12.5 వోల్టులు చూపింది. అంటే బ్యాటరీ పాడు కాలేదు, చలికి దాని సత్తువ సన్నగిల్లింది. అంత చలిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ బలం సుమారు సగానికి పడిపోతుంది, చిక్కబడిన ఆయిల్‌లో ఇంజన్‌ను తిప్పడానికేమో మామూలుకన్నా ఎక్కువ బలం కావాలి. స్విచ్ ఆపి, నెగటివ్ తీగను ముందుగా విప్పి, బ్యాటరీని తువ్వాలులో చుట్టి వంటింట్లోకి తెచ్చాను. మమ్మల్ని చూడవచ్చిన అమ్మ "ఇదేమిట్రా, దీనికీ చలేనా?" అంది. గంటన్నర తర్వాత తిరిగి బిగిస్తే రెండో ప్రయత్నంలో ఇంజన్ అందుకుంది.

మధ్యాహ్నపు ఎండలో నెగ్గిన పరీక్ష తెల్లవారుజాము చలికి పూచీ కాదని ఆ రోజు తెలిసింది. బ్యాటరీని వెచ్చగా ఉంచే చలికాలపు కిట్ అవసరం లేదని అమ్మినతను చెప్పిన మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. జనవరిలో బ్యాటరీ కింద హీటర్ ప్యాడ్ పెట్టించి, 10డబ్ల్యూ-30 ఆయిల్ తీయించి, చలిలో అంతగా చిక్కబడని 5డబ్ల్యూ-30 సింథటిక్ పోయించాను. వారపు పరీక్షను ఉదయం 7 గంటలకు మార్చాను, పక్కింటివారు సహించారు.

2023 ఫిబ్రవరి ఐస్ తుఫానులో అది మొదటి ప్రయత్నంలోనే అందుకుని ఆగకుండా నడిచింది, కాకపోతే అప్పుడు చలి సున్నాకు అటూఇటూగానే ఉంది. అసలు నమ్మకం కుదిరింది 2024 జనవరి గడ్డు చలిలో, ఉదయం పరీక్షలో అది మూలగకుండా లేచినప్పుడే.

ప్యాడ్ పెట్టించుకోమనే చెబుతాను, అయితే మాకు గ్యాస్ పైపులో వస్తుంది కాబట్టి కరెంటు లేనంతసేపూ జనరేటర్‌ను నడుపుతూనే ఉంటాము. ట్యాంకులోని ప్రొపేన్ గ్యాస్ పొదుపు కోసం రాత్రి ఆపేసేవారికి ఆ ప్యాడ్‌కూ కరెంటు అందదు, తెల్లవారేసరికి బ్యాటరీ మళ్ళీ చల్లబడే ఉంటుంది.