డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దలకు చెన్నైలో ఒక క్లినిక్: ఏడాది అనుభవం

మా తమ్ముడికి 42 ఏళ్లు. వాడు డౌన్ సిండ్రోమ్‌తో, అంటే ఒక క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల ఎదుగుదల, తెలివితేటలు నెమ్మదించే పరిస్థితితో పుట్టాడు. తాతగారి కాలంలో నెల్లూరు జిల్లా నుంచి రైలు పెట్టెల కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి పెరంబూరులో స్థిరపడిన కుటుంబం మాది. వాడి చిన్నతనంలో గుండె, చెవి, కన్ను, ఏది చూపించాలన్నా పిల్లల డాక్టర్లు దారి చెప్పేవారు. పద్దెనిమిది నిండాక ఆ దారి మూసుకుపోయింది. జ్వరమొస్తే వీధి చివరి డాక్టరు, పన్ను నొప్పెడితే పళ్ల డాక్టరు తప్ప, ఎదిగిన మనిషిగా వాడి ఒంటినీ మనసునూ కలిపి చూసే చోటు మాకు ఇన్నేళ్లూ దొరకలేదు. నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నెలకు రెండు శనివారాలు డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దల కోసం క్లినిక్ నడుపుతోందని తెలిసినప్పుడు, నమ్మకం కన్నా అవసరమే ఎక్కువై వెళ్లాము. ఏడాదిలో నాలుగుసార్లు వెళ్లిన మీదట రాస్తున్నాను. మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నందున ఆసుపత్రి పేరు చెప్పడం లేదు.

నాన్న పోయిన ఆరు నెలలకు తమ్ముడు మందగించసాగాడు. రోజూ పొద్దున్నే డికాక్షన్ దించి అమ్మకు కాఫీ కలిపి ఇచ్చేవాడు, అది మానేశాడు. కొవ్వొత్తులు తయారుచేసే శిక్షణ కేంద్రానికి ఇక వెళ్లనన్నాడు. పిలిస్తే పలకడు, సాయంత్రాలు స్నానాల గదిలో తలుపు వేసుకుని తనలో తాను మాట్లాడుకుంటాడు, కంచం ముందు కూర్చునే నిద్రపోతాడు. ఈ క్లినిక్‌కు వెళ్లకముందు చూపించిన మరో డాక్టరు అయిదు నిమిషాలైనా చూడకుండా "వీళ్లకు వయసొస్తే ఇంతేనమ్మా" అని, గొణుగుడు తగ్గడానికని ఒక మాత్ర రాశారు. గొణుగుడు తగ్గలేదు గానీ మూడు నెలల్లో ఆరు కిలోల బరువు పెరిగింది. కనిపించిన ప్రతి మార్పునూ పుట్టుకతో వచ్చిన పరిస్థితి ఖాతాలో వేసేసి, అసలు జబ్బును వెతకకుండా వదిలేయడం ఇటువంటివారి విషయంలో ఎంత మామూలో నాకు అప్పటికి తెలియదు.

ముందుగా తప్పు పట్టవలసిన దానితోనే మొదలుపెడతాను. పెద్దల కోసమని చెప్పే ఈ క్లినిక్‌ను పిల్లల విభాగంలో పెట్టారు. గోడల నిండా జిరాఫీలు, ఏనుగులు. కూర్చోవడానికి మోకాలి ఎత్తు ప్లాస్టిక్ కుర్చీలు. మీసం నెరుస్తున్న మనిషి వాటిలో ఇమడలేక నిలబడి, "అక్కా, ఇది చిన్నపిల్లల ఆసుపత్రి కదా, మనం తప్పు వచ్చామా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 1983లో 25 ఏళ్లు ఉండగా, నేడు అది 60కి చేరువైంది. ఇంతమంది నడివయసుకు వస్తున్నా వారి కోసం పెద్ద కుర్చీలు వేయించాలన్న ఆలోచన ఇంకా ఎవరికీ రాలేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు కూడా అవే కుర్చీలు.

లోపలి గదిలో మాత్రం పద్ధతి వేరుగా ఉంది. డాక్టరుగారు నా వంక చూడకుండా, "సార్, ఈ వారం ఏం చేశారు?" అని తమిళంలో వాడినే అడిగి, వాడు మాట కూడగట్టుకునేంత సేపూ కలం పక్కన పెట్టి కూర్చున్నారు. ఆ తర్వాతే నన్ను, రెండేళ్ల క్రితం వాడు ఎవరి సాయమూ లేకుండా చేసుకున్న పనులన్నీ చెప్పమన్నారు. వాడిని పక్కింటి మనిషితోనో, పుస్తకంలోని సగటు మనిషితోనో పోల్చకుండా రెండేళ్ల కిందటి వాడితోనే పోల్చి చూడటం ఇక్కడి పని తీరు. నేను ఈ క్లినిక్‌ను మెచ్చుకోవడానికి ప్రధాన కారణం అదే.

చెవులతో మొదలుపెట్టారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి చెవి నాళాలు ఇరుకుగా ఉంటాయి గనుక గుబిలి తొందరగా పేరుకుని గట్టిపడుతుంది. అయిదు రోజులు చుక్కలు వేసుకుని వెళ్లాక, ఎడమ చెవిలోంచి చింతగింజ రంగున్న శనగగింజంత ఉండ ఒకటి తీశారు. వాడు చటుక్కున తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. ఆ రాత్రి టీవీ శబ్దం తనంతట తానే తగ్గించాడు. పిలిస్తే పలకకపోవడానికి ఒక కారణం అలా తేలింది. మరొకటి రక్తపరీక్షలో బయటపడింది: థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను ఉండవలసిన దానికి మూడింతలు ఉంది. థైరాయిడ్ మందగించడం వీరిలో తక్కిన జనం కన్నా చాలా ఎక్కువ. మందకొడితనం, మలబద్ధకం, బరువు, దిగులు వంటి దాని లక్షణాలన్నీ "వీళ్లింతే" అన్న మాట చాటున సులువుగా దాగిపోతాయి. అందుకే లక్షణాలు లేకపోయినా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఆ పరీక్ష చేయించాలని, మధుమేహం పరీక్షలు 30 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలని 2020లో అమెరికా వైద్యులు వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడ ఆ రెండూ, కంటి శుక్లాల పరీక్ష, గుండె కవాటాల స్కాను ఒకే పూటలో ముగిశాయి. మెడ ఎక్స్‌రే ఏటా తీయించాలని ఇంతకు ముందు ఎవరో చెప్పారు. ఇక్కడ నడక, మెడ నొప్పి, మూత్రం మీద అదుపు గురించి అడిగి, చేతుల బలం చూసి, ప్రస్తుతానికి అక్కరలేదన్నారు.

మనసు సంగతి చూసిన సైకాలజిస్టుకు గంటసేపు పట్టింది. తనలో తాను మాట్లాడుకోవడం డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దల్లో చాలామందికి ఉన్న అలవాటేననీ, రోజంతా జరిగినవి నెమరేసుకోవడానికి, కోపతాపాలు తీర్చుకోవడానికి అది పనికొస్తుందనీ, దానిని మతిభ్రమణంగా పొరబడి మందులు రాయడం తరచూ జరుగుతుందనీ ఆమె వివరించారు. ఆ మాటల తీరు మారిందా, వాటిలో భయమో ఏడుపో చేరిందా అని గమనించమన్నారు. మేము ఏనాడూ చెవి ఒగ్గి వినలేదు. ఆ వారం తలుపు దగ్గర నిలబడి విన్నాను. వాడు నాన్నతో మాట్లాడుతున్నాడు. "బండి ఎప్పుడొస్తుంది నాన్నా, నేను స్టేషనుకు రానా?" అంటున్నాడు.

నాన్న పోయిన రోజున, వాడు తట్టుకోలేడని పిన్ని ఇంటికి పంపి, కర్మ అంతా అయ్యాక తీసుకొచ్చి, "నాన్న ఊరెళ్లారు" అని చెప్పినవాళ్లం మేమే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో దుఃఖం నెలల తర్వాత, అదీ ఏడుపుగా కాక పనులు మానేయడంగా, మొండితనంగా బయటపడటం ఉంటుందట. సైకాలజిస్టు మమ్మల్ని మందలించలేదు. "చనిపోయారు" అన్న మాటనే వాడమన్నారు. నాన్న ఫొటోలతో ఒక పుస్తకం చేయించారు: యూనిఫారంలో నాన్న, మెరీనాలో వాడిని భుజాన ఎక్కించుకున్న నాన్న, ఆసుపత్రి మంచం మీద నాన్న, చివర దండ వేసిన పటం. మూడోసారి తిరగేసినప్పుడు వాడు దండ మీద వేలు పెట్టి "ఊరు కాదు" అన్నాడు. ఆ రాత్రి అమ్మ పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. పాత మాత్రను డాక్టరుగారి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించి ఆపేశారు.

నా అసలు భయం అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు గురించి. ఆ జబ్బులో మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రోటీనుకు మూలమైన జన్యువు 21వ క్రోమోజోము మీదే ఉంది. డౌన్ సిండ్రోమ్‌లో ఆ క్రోమోజోము మూడు ప్రతులుంటుంది గనుక, 40 ఏళ్లకల్లా దాదాపు అందరి మెదడులోనూ ఆ మార్పులు కనిపిస్తాయి. అయితే లక్షణాలు ఎక్కువగా 50 దాటాకే మొదలవుతాయి. కాబట్టి చెవి, థైరాయిడ్, నిద్ర, దుఃఖం ఇవన్నీ తేల్చుకున్నాకే దాని పేరెత్తాలనీ, 40 నుంచి ఏటా ఒకసారి పరీక్షించి పాత ఫలితంతో పోల్చాలనీ చెప్పారు. ప్రతి పుట్టినరోజుకూ వాడు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, మెట్లు దిగడం, కాఫీ కలపడం వీడియో తీసి ఉంచమన్నారు. ఖర్చు లేని ఈ సలహా ఇంతకు ముందు మాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇంత ఆలోచించినవారు జ్ఞాపకశక్తి పరీక్షను ఒక్క తమిళంలోనే పెట్టడం నాకు మింగుడు పడలేదు. వాడు వీధిలో తమిళం మాట్లాడతాడు గానీ వస్తువుల పేర్లు వాడికి అమ్మ నేర్పిన తెలుగులోనే వస్తాయి. తాళం బొమ్మ చూపిస్తే "తాళం" అన్నాడు. తమిళంలో ఆ మాటకు పాటలోని తాళమనే అర్థం; తాళాన్ని వారు పూట్టు అంటారు. సహాయకురాలు తప్పు గుర్తు పెట్టింది. గొడుగు దగ్గరా అదే జరిగింది. వెనక కూర్చున్న నేను కలగజేసుకుని చెబితే మొదట చిరాకు పడి, తర్వాత దిద్దింది. నేను లేకపోతే ఆ కాగితమే వచ్చే ఏడాది పోలికకు ఆధారమయ్యేది. చెన్నైలో ఇన్ని తెలుగు కుటుంబాలుండగా ఇది క్షమించదగిన లోపం కాదు.

నిద్ర పరీక్ష మొదటి రాత్రి వైర్లన్నీ పీకేశాడు. రెండోసారి ఇంటికి చిన్న యంత్రం ఇచ్చారు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని తేలింది. వీరిలో సగం మందికి పైగా ఉండే సమస్యే ఇది. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రం మాస్కును మొదట పగటిపూట టీవీ చూస్తూ అయిదేసి నిమిషాలు పెట్టుకోమన్నారు. ఇప్పుడు రాత్రి నాలుగు గంటలు ఉంచుకుంటున్నాడు, కొన్ని రాత్రులు అసలు ముట్టుకోడు. పగటి కునుకులు తగ్గాయి, పోలేదు.

బిల్లుల దగ్గర ఓపిక కావాలి. మానసిక వైకల్యం వంటివి ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంటుంది, ముందస్తు వైద్య పరీక్షలు అక్కరలేదు. అయినా కౌంటరులో ఆ పేరు విన్నవారే లేరు. డబ్బు కట్టేసి, ప్రతి కాగితం మీదా ముద్ర అడిగి వేయించుకుని, తర్వాత తెప్పించుకోవలసి వచ్చింది.

ఇప్పుడు వాడు వారానికి మూడు రోజులు కొవ్వొత్తుల పనికి వెళుతున్నాడు. కాఫీ మళ్లీ కలుపుతున్నాడు, చక్కెర మాత్రం ఇదివరకటి కన్నా ఎక్కువ వేస్తున్నాడు. నడివయసుకు వచ్చిన తమ్ముడో చెల్లెలో ఉన్నవారు ఈ తరహా క్లినిక్‌కు వెళ్లేటట్లయితే పాత కాగితాలతో పాటు వారిని చాలా ఏళ్లుగా ఎరిగిన మనిషిని వెంట తీసుకెళ్లాలి. అపాయింట్‌మెంటు మూడు వారాల ముందే నిండిపోతుంది. ఫోను చేసినప్పుడే జ్ఞాపకశక్తి పరీక్షకు తెలుగు తెలిసినవారు కావాలని అడగండి. మాకు నాలుగోసారి అడిగాక గానీ ఇవ్వలేదు.