ఎస్‌జీఐ ఆక్టేన్ వర్క్‌స్టేషన్: ఇప్పుడు కొనేవారు చూసుకోవాల్సినవి

సిలికాన్ గ్రాఫిక్స్ (ఎస్‌జీఐ) 1997లో విడుదల చేసిన ఆక్టేన్ పాత యూనిక్స్ గ్రాఫిక్స్ యంత్రాల్లో కొని వాడుకోవడానికి నిజంగా పనికొచ్చేది. దాదాపు 25 కిలోల బరువు, ఫ్యాన్ల మోత తప్పదు. అయినా ఇంత చక్కగా ఆలోచించి కట్టిన పెట్టె అరుదు. అమ్మేవాళ్లు మొట్టమొదట చెప్పేది ప్రాసెసర్ వేగం. కొనేవాళ్లు అన్నిటికన్నా ఆఖరున చూడాల్సింది కూడా అదే.

ఎందుకంటే ఇందులో ఏ ప్రాసెసర్ ఉన్నా మంచిదే. ఆర్10000 ప్రాసెసర్ ఒక్కో సైకిల్‌కి నాలుగు ఆదేశాలు అందుకుని, వాటిని వరుస మార్చి నడుపుతుంది. డేటాకి 32, ఆదేశాలకి 32 కిలోబైట్ల క్యాష్ (వెంటనే అందే చిన్న మెమరీ) చిప్‌లోనే ఉంటుంది, రెండో స్థాయి క్యాష్ బయట ఉంటుంది. తర్వాత వచ్చిన ఆర్12000లో ఒకేసారి పట్టి ఉంచుకునే ఆదేశాలు 32 నుంచి 48కి పెరిగాయి, ప్రోగ్రాం ఎటు మలుపు తిరుగుతుందో ఊహించే బ్రాంచ్ అంచనా పట్టిక 512 గడుల నుంచి 2048కి పెరిగింది. 300 మెగాహెర్ట్జ్ ఆర్12000 దొరికితే ఇంకేం వెతకనక్కర్లేదు. ఇదే ఆర్10000ని ఎస్‌జీఐ వాళ్ల చిన్న యంత్రం ఓ2లో పెట్టినప్పుడు, ముందే ఊహించి చదివే దాని అలవాటుకీ డీఎంఏకీ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరాలు నేరుగా మెమరీలో రాయడం, చదవడం) పొత్తు కుదరక సాఫ్ట్‌వేర్ అడ్డుగోడలు కట్టాల్సి వచ్చింది. ఆక్టేన్‌లో క్యాష్‌లోని డేటా మెమరీతో సరిపోలేలా హార్డ్‌వేరే చూసుకుంటుంది. పైగా అన్ని భాగాలూ పంచుకునే బస్ స్థానంలో, ఒక్కోదానికి విడి దారి ఇచ్చే క్రాస్‌బార్ స్విచ్ ఉంది. ఒక్కో లింకు ఒక్కో దిశలో సెకనుకి 800 మెగాబైట్లు మోస్తుంది, కాబట్టి గ్రాఫిక్స్ బోర్డు డిస్కుతో పోటీ పడదు.

ఆ లింకులు కలిసే చోటే అసలు చిక్కు. గ్రాఫిక్స్ మాడ్యూల్ వెనక మామూలు పిన్నులుండవు. కంప్రెషన్ కనెక్టర్ అని, బంగారు పూతతో వెంట్రుకల్లాంటి సన్నటి తీగలు గుత్తులుగా నిలబడి ఉంటాయి. వేలు తగిలితే వంగుతాయి, జిడ్డు పడితే కాంటాక్ట్ పోతుంది. ఒక్క గుత్తి చెడినా బోర్డు యంత్రానికి కనబడకపోవచ్చు, లేదా వేడెక్కాక తెరమీద చెత్త రావచ్చు. కొనేముందు ఆ ముఖం ఫొటో దగ్గరగా తీయించి చూడండి. మాడ్యూల్ తీసేటప్పుడు రెండు స్క్రూలూ వదులు చేసి, రెండు పిడులనీ సమంగా లాగాలి. బయటికి రాగానే ప్లాస్టిక్ మూత పెట్టేయాలి. దుమ్ముంటే డబ్బా గాలి కొట్టండి, అంతే. గుడ్డ, దూది, స్పిరిట్ ఏదీ తగలనీయొద్దు. పార్సిల్‌లో మూత లేకుండా వచ్చిన బోర్డుని నమ్మకండి.

గ్రాఫిక్స్‌లో ఎస్ఐ, ఎస్ఎస్ఐ బోర్డులకి టెక్స్చర్ మెమరీ (త్రీడీ ఆకారాల మీద అతికించే బొమ్మలు దాచుకునేది) ఉండదు. త్రీడీ డెమోలు చూడాలంటే 4 మెగాబైట్ల టెక్స్చర్ మెమరీ ఉన్న ఎంఎక్స్ఐ, లేదా దాని తర్వాతి ఎంఎక్స్ఈ తీసుకోండి. తర్వాత వచ్చిన వీప్రో బోర్డుల వరుస వేరే లోకం: మొత్తం గ్రాఫిక్స్ మెమరీ వీ6, వీ10 లకి 32 మెగాబైట్లు, వీ8, వీ12 లకి 128. అయితే వీటిని పాత ఆక్టేన్‌లో దూర్చేసి ఊరుకుంటే కుదరదు. చెరోకీ కంపెనీ పవర్ సప్లై, కొత్త రివిజన్ క్రాస్‌బార్ చిప్ ఉన్న ఫ్రంట్‌ప్లేన్ (మాడ్యూళ్లని కలిపే బోర్డు) రెండూ ఉండాలి. లూసెంట్ కంపెనీ పాత సప్లై ఉన్న పెట్టెలో వీ12 ఆశలు వదులుకోవడమే.

“డిస్కు లేదు, అందుకే పరీక్షించలేదు” అనే మాట ఒప్పుకోవద్దు. ఆన్ చేసి ఎస్కేప్ కొడితే మెయింటెనెన్స్ మెనూ వస్తుంది. అందులో 5 నొక్కి, కమాండ్ మానిటర్‌లో హిన్వ్ (hinv) అని టైప్ చేస్తే ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ అన్నీ చూపిస్తుంది, డిస్కు అక్కర్లేదు. మానిటర్ లేకపోతే కీబోర్డు పీకేసి, సీరియల్ పోర్టుకి ఇంకో కంప్యూటర్‌ని 9600 వేగంతో తగిలించండి. పెట్టె ముందువైపు దీపం ఎర్రగా వెలిగి అలాగే ఉండిపోతే మొదట మెమరీ చూడండి. డిమ్‌లు (మెమరీ పలకలు) ఒకే సైజువి జతలుగా ఉండాలి, పూర్తిగా దిగాలి.

వీడియో పోర్టు 13డబ్ల్యూ3 రకం కనెక్టర్. సన్ కంపెనీ యంత్రాల కేబుల్‌కీ అదే ఆకారం, కానీ పిన్నుల అమరిక వేరు. అది పెట్టి బొమ్మ రాలేదని బోర్డుని తప్పుపట్టొద్దు. సింక్‌ని (బొమ్మ వరుసల్ని కుదిర్చే సంకేతం) ఆకుపచ్చ రంగు సంకేతంలోంచి అందుకోగల మానిటర్ వాడితే గొడవ తక్కువ. ఎల్‌సీడీ తెర రేంజ్ దాటిందంటే, సీరియల్ నుంచి లాగిన్ అయి సెట్‌మాన్ (setmon) కమాండ్‌తో 1280×1024, 60 హెర్ట్జ్‌కి మార్చండి.

డిస్కులు 80 పిన్నుల స్కజీ. తక్కువ వోల్టేజీ సంకేతాల ఎల్‌వీడీ రకం నడుస్తుంది, ఎక్కువ వోల్టేజీ హెచ్‌వీడీ పెట్టొద్దు. లోపల సీడీ డ్రైవ్ లేదు. బయట తగిలించేది 512 బైట్ల బ్లాకులు చదవగలగాలి, లేకపోతే ఎస్‌జీఐ యూనిక్స్ అయిన ఐరిక్స్ సీడీ బూట్ కాదు. ఇన్‌స్టాల్ చేయాల్సింది 6.5.30, అదే చివరి వెర్షన్.