పిల్లల జుట్టు తైలం కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

ఆ తైలం మాత్రం కొనకండి. పేరు రాయను, ఫోను తెరిస్తే చాలు దాని ప్రకటనే కనిపిస్తోంది కాబట్టి ఏదో మీకే తెలుస్తుంది.

మా పాపకు మూడేళ్లు. పుట్టినప్పుడు జుట్టు బాగానే ఉంది, ఆరో నెలకల్లా పోయింది. పుట్టువెంట్రుకలు తీయించాం, మళ్లీ ఒకసారి గుండు చేయించాం. వచ్చినదంతా కోసిన చేనులో కొయ్యకాళ్లలా అరంగుళం దాటకుండా విరిగిపోతోంది. తైలం వాళ్లకు ఫొటోలు పంపాను. "వంశపారంపర్యమైనా సరే, మూడు నెలల్లో జడ వేస్తారమ్మా" అన్నాడు ఆ మనిషి. మూడు సీసాలు, 7,200 రూపాయలు. గోరువెచ్చగా చేసి గట్టిగా మర్దన చేయమన్నాడు. పాప ఏడుస్తున్నా కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని నాలుగు నెలలు చేశాను.

చివరికి చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆమె పాప మెడ వెనక వేలితో తడిమారు, అక్కడంతా గరుకు పొక్కులు. ఒక్క వెంట్రుకను పెద్దది చేసి తెర మీద చూపించారు. అచ్చం పూసలదండ! లావు, సన్నం, లావు, సన్నం. సన్నగా ఉన్నచోటే తెగుతుందట. తర్వాత మావారిని వెనక్కి తిరగమని ఆయన మెడ మీది వెంట్రుక చూశారు. అందులోనూ అవే పూసలు. దీన్ని మోనిలెత్రిక్స్ అంటారు. జుట్టుకు బలమిచ్చే కెరాటిన్ అనే ప్రోటీను జన్యువులో లోపం. సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. నయం చేసే మందు లేదు, పెద్దయ్యాక కొందరికి దానంతట అదే మెరుగవుతుంది. అప్పటిదాకా జుట్టుకు రాపిడి తగలకుండా చూసుకోవాలి. నేను నాలుగు నెలలు చేసింది ఆ రాపిడే. ఏడాది నిండినప్పుడే వైద్యులకు చూపించవలసింది, ఆ తప్పు నాదే.

డబ్బు తిరిగి ఇమ్మని ఫోను చేశాను. "వంశంలో ఉన్నదానికి మా తైలం ఏం చేస్తుందమ్మా? పెళ్లికి ముందే చూసుకోవలసింది" అన్నాడు. జడ వేస్తారని చెప్పిన గొంతే అది! ఫోను స్పీకరులో ఉంది. పక్కనే మావారు పాపకు అన్నం పెడుతున్నారు. ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. పాప నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. డబ్బు పోతే పోయింది, ఆ మాటను మాత్రం నేను క్షమించలేను.

పిల్లల జుట్టు పెరగకుండా విరుగుతుంటే ముందు వెంట్రుక పరీక్ష చేయించండి. బిగించి జడ వేయకండి, తడి తల దువ్వకండి. జుట్టు విరగడంతోపాటు ఒళ్లు ఎర్రబడి పొలుసులు లేస్తుంటే నెదర్టన్ అనే మరో జన్యువ్యాధి కావచ్చు. నెలల మగబిడ్డకు జుట్టు పీచులా మెలితిరిగి, మెడ నిలవక, మూర్ఛలు వస్తుంటే ఒక్కరోజు కూడా ఆగకండి. అది ఒంటికి రాగి అందని మెంకెస్ వ్యాధి కావచ్చు, రాగి ఇంజెక్షన్లు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.

ఆ తైలం కొని మోసపోయినవారు రసీదు, సందేశాలు చెరిపేయకండి. వినియోగదారుల సహాయ నంబరు 1915. నేను రేపు పొద్దున్నే చేస్తున్నాను.