మైసెన్‌లో చాక్లెట్ కప్పు వేట

సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ చూసిన రోజు పట్టుకున్న పిచ్చి ఇది. ఆ పిచ్చితోనే వేడి చాక్లెట్ తాగే పాత పింగాణీ కప్పొకటి వెతుక్కుంటూ నేనూ మా ఆవిడా జర్మనీలోని డ్రెస్డెన్, పింగాణీకి పేరుపడ్డ మైసెన్ తిరిగొచ్చాం.

మొదటి తప్పు నాదే. డ్రెస్డెన్‌లో త్స్వింగర్ అనే పాత రాజభవనంలోని పింగాణీ మ్యూజియానికి సోమవారం వెళ్లాం. సెలవు. మర్నాడు మళ్లీ వెళ్లాం. 1717లో ఇక్కడి పాలకుడు అగస్టస్ 600 మంది సైనికుల్ని పొరుగు రాజ్యం ప్రష్యాకిచ్చి 151 చైనా పాత్రలు పుచ్చుకున్నాడట. ఆ జాడీల ముందు నిలబడి మా ఆవిడ, "మీకంటే ముదిరినోడే ఉన్నాడండీ" అంది.

బస మాత్రం మైసెన్‌లో పెట్టుకోండి. డ్రెస్డెన్ స్టేషను దగ్గర మా హోటల్ గది అగ్గిపెట్టె, రాత్రంతా ట్రాముల మోత. ఎస్1 లోకల్ రైల్లో మైసెన్ 40 నిమిషాలే. పాత బజారులో గెస్ట్‌హౌస్‌కి లిఫ్టు లేదు, పెట్టెలు మూడంతస్తులు మోశాను. కానీ కిటికీ తీస్తే ఫ్రావెన్‌కిర్షె చర్చి గంటలు. 1929లో పెట్టిన ఆ గంటలు పింగాణీవి! రాత్రి పొద్దుపోతే శాకాహారం దొరకదు, బ్రెడ్డూ జున్నుతో సరి.

కొండ మీది ఆల్‌బ్రెష్ట్స్‌బర్గ్ కోటలో 1710లో మొదలైన మైసెన్ పింగాణీ కార్ఖానా ఇప్పుడు ఊళ్లోకి దిగింది. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ, పని చూపించే గదులకి. ఒకావిడ ఒక్కసారి కాల్చిన కప్పు మీద నీలం వేస్తోంది. ఆ మట్టి రంగును ఇంకుపీల్చే కాగితంలా తాగేస్తుంది, తప్పు గీత చెరపడానికి వీల్లేదు. చిటికెనవేలు కప్పుకి ఆనించి, కప్పునే తిప్పుతూ గీసింది. గీసింది బూడిదరంగు. గ్లేజు (గాజులా మెరిసే పూత) పూసి మళ్లీ కాలిస్తేగాని నీలం తేలదు.

ఆ గీత చూశాక పాత వస్తువుల దుకాణంలో నా కన్ను మారింది. అక్కడ ఒకాయన మైసెన్ కార్ఖానా ముద్ర అయిన రెండు కత్తుల గుర్తున్న, లోతైన సాసరులో కూర్చునే చాక్లెట్ కప్పు చూపించి మైసెన్ మేలురకం అన్నాడు. గుర్తు మీద గోటితో తడిమితే అడ్డగీతలు తగిలాయి. కార్ఖానా రెండో రకమనో, బయట రంగులు వేసుకోమనో అమ్మిన సరుకుకే ఆ గీతలు. అడిగితే ధర సగానికి దిగింది. కప్పు వదిలేశాను.

కొన్నది శనివారం ఎల్బే నది ఒడ్డు సంతలో. చాక్లెట్ జగ్గు: పిడి మూతికి ఎదురుగా కాకుండా పక్కకి ఉంటుంది, అడుగున నీలి కిరీటం, 'డ్రెస్డెన్' అని రాత. ఆ గుర్తును 1883లో నాలుగు చిత్రకారుల దుకాణాలు నమోదు చేయించుకున్నాయి. తెల్ల పాత్రలు తెచ్చుకుని పూలు వేసేవాళ్లు. మైసెన్ కాదు, అమ్మినావిడ కూడా అలాగే చెప్పింది. అందుకే కొన్నాను.

ఒక మాట. మూత జగ్గు మీదే ఉంచి చుట్టకండి, విడిగా కట్టండి. నా మూత అంచు పెసరగింజంత రైల్లోనే రాలింది.