బోధ్‌గయ, గయ, రాజ్‌గిర్: పరభాషా అతిథుల మధ్య ఒక పర్యాటక విద్యార్థిని చూసినవి

పర్యాటక నిర్వహణలో పీజీ చేస్తున్న మాకు వేర్వేరు సంస్కృతులవారి మధ్య సంభాషణ ఎలా సాగుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పే పేపరు ఒకటి ఉంది. దానికి క్షేత్ర అధ్యయనం కోసం తోటి విద్యార్థుల్లో ఎక్కువమంది గోవాను, కొచ్చిని ఎంచుకున్నారు. నేను గయకు వెళ్లాను. గయ పట్టణంలో పిండప్రదానానికి తెలుగువారితో సహా దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల లోపే ఉన్న బోధ్‌గయకు థాయ్‌లాండ్, మయన్మార్, శ్రీలంక, వియత్నాం, జపాన్, భూటాన్ దేశాల బౌద్ధులు, టిబెటన్లు వస్తారు. తన భాష రాని అతిథిని చూసుకోవడం అక్కడ ఆటో నడిపేవారికీ పూలమ్మేవారికీ నిత్యకృత్యం.

సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ దాకా వెళ్లి, అక్కడ రైలు మారి గయ చేరాను. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు యాత్రికుల రద్దీ ఎక్కువ కాబట్టి ఆ నెలల్లో వెళ్లేవారు బసను ముందుగా ఖాయం చేసుకోవడం మంచిది.

బోధ్‌గయలో నాలుగు అడుగులకో దేశం వారి బౌద్ధ విహారం (మఠం) కనిపిస్తుంది. చాలా విహారాలు యాత్రికులకు గదులు ఇస్తాయి. నేను దిగిన విహార అతిథిగృహంలో గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, ఖర్చు కూడా మామూలు హోటల్ కంటే బాగా తక్కువ. రాత్రి గేటు ఎప్పుడు మూస్తారు, తెల్లవారుజామున ప్రార్థన ఎన్నింటికి, చెప్పులు ఎక్కడ విడవాలి, లోపల ఏవి నిషిద్ధం అనే సంగతులన్నీ తాళం చేతికివ్వకముందే చెప్పారు. తర్వాత కొన్ని రోజులు ఒక పెద్ద హోటల్లో ఉన్నాను. గదులు, స్నానాల గది, లిఫ్టు అన్నీ మేలైనవే. కానీ అక్కడ మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకు గానీ మొదలుకాదు. శ్రీలంక, థాయ్ సంప్రదాయాల భిక్షువులు మధ్యాహ్నం దాటితే ఘనాహారం ముట్టరు. పదకొండున్నరకు వచ్చి కూర్చున్న ఒక భిక్షువుల బృందానికి రొట్టె, అరటిపండ్లు తప్ప ఏమీ దొరకలేదు. వారి వెంట వచ్చిన వ్యక్తి వంటగది గుమ్మం దగ్గర ఎంత బతిమాలినా ‘టైము కాలేదు’ అన్న జవాబే వచ్చింది. బౌద్ధ యాత్రికులనే నమ్ముకుని నడిచే హోటల్‌కు ఈ ఒక్క నియమం తెలియకపోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేకపోతున్నాను. గది ఎంత బాగున్నా, భిక్షువులతో వెళ్లే బృందాలకు ఆ హోటల్‌ను సూచించను.

దానికి ఎదురుగా ఉన్న చిన్న గెస్ట్‌హౌస్‌లో, రిసెప్షన్‌లో ఇరవై ఏళ్లయినా నిండని స్థానిక యువతి పనిచేస్తోంది. ఒక సాయంత్రం థాయ్ భిక్షువు ఒకరు తాళం కోసం వచ్చినప్పుడు, ఆమె తాళంచెవిని బల్ల అంచున పెట్టి, చేయి పూర్తిగా వెనక్కి తీసుకున్నాకే ఆయన దాన్ని అందుకున్నారు. స్త్రీ చేతి నుంచి నేరుగా వస్తువు తీసుకోకూడదన్నది ఆ భిక్షువుల నియమం. ఆ వెంటనే వచ్చిన కొరియా పెద్దాయనకు అదే యువతి రెండు చేతులతో, కాస్త తల వంచి తాళం ఇచ్చింది. ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను. “ఎవరూ నేర్పలేదు దీదీ. వాళ్లు పాస్‌పోర్టు నా చేతికి ఎలా ఇస్తారో చూస్తాను, నేనూ అలాగే ఇస్తాను. భిక్షువుల సంగతి మాత్రం ఒకసారి అడిగి తెలుసుకున్నాను” అంది. ఆమెకు ఇంగ్లీషు పది పదిహేను మాటలకు మించి రాదు. అయినా ఆ ఊళ్లో నేను చూసిన సేవలన్నిటిలో మొదటి స్థానం ఆమెకే ఇస్తాను.

బోధ్‌గయ కుర్రాళ్లలో జపాన్, థాయ్ భాషలు గడగడా మాట్లాడేవారు చాలామందే ఉన్నారు. బడికి వెళ్లి కాకుండా యాత్రికుల వెంట తిరిగి నేర్చుకున్న ఆ భాషాజ్ఞానం నిజంగా మెచ్చుకోదగింది. అయితే భాష వస్తే మనిషి అర్థమైనట్లేనా అన్న సందేహం నాకు అక్కడే కలిగింది. అలాంటి యువ గైడు ఒకడు జపాన్ వృద్ధ దంపతులను రుద్రాక్షలు, విగ్రహాలు అమ్మే దుకాణానికి రమ్మని పిలిచాడు. భర్త తల కొంచెం పక్కకు వంచి, పళ్ల మధ్య నుంచి గాలి పీల్చి, చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. గైడు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని ముందుకు నడిచాడు. దంపతులు వెంట వచ్చి దుకాణం మెట్టు దగ్గరే నిలబడిపోయారు. లోపలికి రారు, వెళ్లిపోనూ లేరు. అతను మరింత ఉత్సాహంగా పిలిచేకొద్దీ వారు మరింత వంగి నమస్కరిస్తున్నారు. మాటల్లో కంటే సందర్భంలో ఎక్కువ అర్థం ఇమిడి ఉండే సంస్కృతుల గురించి అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ చెప్పిన సిద్ధాంతాన్ని తరగతిలో బట్టీ పట్టాను గానీ, అది ఆ మెట్టు మీద కనిపించినంత స్పష్టంగా పుస్తకంలో కనిపించలేదు.

2002లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన మహాబోధి ఆలయంలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. 2013 పేలుళ్ల తర్వాత భద్రత కట్టుదిట్టం చేశారు. విదేశీ యాత్రికుడికి అనువాదకుడు ఈ రోజుల్లో ఫోనే కాబట్టి, అది బయట ఉండిపోతే ఇబ్బందులు పడతారనుకున్నాను. కానీ లోపల అలా జరగలేదు. బోధివృక్షం దగ్గర తెల్లబట్టల శ్రీలంక బృందం పాళీ గాథలు చదువుతుంటే, పక్కనే టిబెటన్లు చెక్క పలకల మీద సాష్టాంగ ప్రణామాలు చేస్తున్నారు. కుడివైపుగా ప్రదక్షిణ చేసేవారు ఎవరికీ అడ్డురాకుండా సాగిపోతున్నారు. అక్కడికి వచ్చే తెలుగువారికి ప్రదక్షిణ ఎవరూ చెప్పాల్సిన పని లేదు. విగ్రహం వైపు కాళ్లు చాపకూడదన్న సంగతి మాత్రం పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లాలి.

గయలో సమస్య వేరు. 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన విష్ణుపాద ఆలయంలోకి హిందువులు కానివారికి ప్రవేశం లేదు. బోధ్‌గయ నుంచి విదేశీయులను కారులో తీసుకొచ్చే డ్రైవర్లు కొందరు ఈ మాట దారిలో చెప్పరు. గుమ్మం దాకా వచ్చి, అందరి ముందూ వెనక్కి తిరగవలసి వచ్చిన అతిథి ముఖం చూస్తే ఎవరికైనా బాధ కలుగుతుంది. గయలో పిండప్రదానం చేయించే పురోహితులైన పండాలు మన ఇంటిపేరు, గోత్రం, ఊరు తెలుగులోనే అడుగుతారు. ఫల్గు నదిలో, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం కింద ఏ క్రమంలో ఏం చేయాలో వివరిస్తారు. కర్మకాండ విషయంలో అంత స్పష్టంగా మాట్లాడేవారే దక్షిణ దగ్గరికి వచ్చేసరికి ‘మీ ఇష్టం’ అని వదిలేస్తారు, చివర్లో వాదన వస్తుంది. తెలుగు వచ్చినవారితో తెలుగువారికే ఇలా జరగడం చూశాక, ముందుగా తేల్చుకోవలసింది భాష కాదని నాకు అర్థమైంది. వెళ్లేవారు దక్షిణ మొత్తాన్ని మొదట్లోనే మాట్లాడుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

రాజ్‌గిర్, నాలందా ఒకే రోజులో చూడవచ్చు. రత్నగిరి మీది విశ్వశాంతి స్తూపాన్ని 1969లో ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి, మన వి.వి.గిరి. కొండకు వెళ్లే పాత రోప్‌వేలో ఒక్కొక్కరు కూర్చునే కుర్చీ ఆగకుండానే ఎక్కాలి. వియత్నాం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ భయపడుతుంటే, అక్కడి ఉద్యోగి ఒక్క మాట అనకుండా తాను ముందు ఖాళీ కుర్చీలో కూర్చుని, లేచి, ఆవిడ నిలబడాల్సిన చోటును కాలితో గీసి చూపించాడు. ఆవిడ నవ్వుతూ ఎక్కేసింది. నాలందా శిథిలాల దగ్గర లైసెన్సు ఉన్న గైడును తీసుకోవడం మేలు. అక్కడ చదువుకున్న హ్యూయెన్‌త్సాంగ్ తర్వాత మన ధాన్యకటకానికి కూడా వచ్చాడని తెలిసినవారికి ఆ ఇటుక గోడలు మరింత దగ్గరగా అనిపిస్తాయి.

ఈ అధ్యయనాన్ని తెలుగు నేలకు అన్వయించే అవకాశం నాగార్జునసాగర్‌లో ఉంది. మూడో శతాబ్దంలో నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిందనీ, సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం ఏర్పాటు చేసిందనీ అక్కడి శాసనం చెబుతోంది. ఇప్పుడు సాగర్ ఒడ్డునే, 2022లో ప్రారంభమైన బుద్ధవనం అనే బౌద్ధ ఉద్యానంలో శ్రీలంక ఇచ్చిన అవుకన బుద్ధ విగ్రహ నమూనా నిలబడి ఉంది. విదేశీ భిక్షువులు అక్కడికి రావాలని మనం కోరుకుంటున్నప్పుడు, చుట్టుపక్కల బసల వారు భోజనం పదకొండు గంటలకే వడ్డించగలరా, తాళం ఇచ్చే ఉద్యోగినికి బల్ల మీద పెట్టి ఇవ్వాలని తెలుసా, నాగార్జునకొండకు వెళ్లే లాంచీ వేళలు, తిరుగు ప్రయాణం వేళలు ఒడ్డు దగ్గర బొమ్మలతో చూపే బోర్డులు ఉన్నాయా అనేది చూడాలి. నా ప్రాజెక్టు రెండో భాగంలో ఈ మూడు ప్రశ్నలతోనే అక్కడి హోటళ్లకు, లాంచీ రేవుకు వెళ్తున్నాను.