అన్నా నగర్‌లో ప్రభుత్వాలను పోల్చి చెప్పే ఆదివారం క్లాసు: పాఠం బంగారం, మెటీరియల్ మాత్రం వద్దు

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్ సిలబస్‌లో, మన రాజ్యాంగ ఏర్పాట్లను మిగతా దేశాలతో పోల్చడం అని ఒకే ఒక్క లైను ఉంటుంది. ఆ లైను కోసం చాలామంది అమెరికాకి ఒక పేజీ, బ్రిటన్‌కి ఒక పేజీ, ఫ్రాన్స్‌కి ఒక పేజీ బట్టీ పట్టేస్తారు. తీరా ప్రశ్న వచ్చాక ఏ దేశం పేజీ ఆ దేశానిదే, వాటిని కలిపే దారి దొరకదు. చెన్నై అన్నా నగర్‌లో, తిరుమంగళం మెట్రో నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఈ ఒక్క అంశం మీదే ఆదివారం బ్యాచ్ నడుపుతున్నారని తెలిసి చేరాను. కింద లోపాలు కూడా రాయాలి కాబట్టి సెంటర్ పేరు ఇవ్వడం లేదు.

పాఠం ఇంగ్లీషులోనే. కానీ సార్‌ది చిత్తూరు వైపు. బ్యాచ్‌లో నాలాంటి నెల్లూరు వాళ్లు, తిరుపతి, నాయుడుపేట వాళ్లు బాగానే ఉన్నారు కాబట్టి డౌట్లు హాయిగా తెలుగులో నడుస్తాయి. అదే జవాబు తమిళ పిల్లల కోసం తమిళంలో ఇంకోసారి చెప్తారు, విసుక్కోరు.

మొదటి క్లాసులోనే నాకు ఈయన మీద గురి కుదిరింది. రాజ్యం, పాలనా వ్యవస్థ, ప్రభుత్వం అనే మూడింటిని నిర్వచనాలతో చెప్పలేదు. ఏది మారితే ఏది మారకుండా ఉంటుందో చూపించారు. ఇటలీలో 1946 తర్వాత అరవైకి పైగా ప్రభుత్వాలు మారాయి, గణతంత్రం అనే పాలనా వ్యవస్థ మాత్రం అదే. నేపాల్‌లో 2008లో రాచరికం పోయి గణతంత్రం వచ్చింది, రాజ్యం (అంటే దేశం) అదే. 1991లో సోవియట్ యూనియన్ విషయంలో ఆ రాజ్యమే లేకుండా పోయింది. అక్కడితో ఆ విషయం మా అందరి బుర్రల్లో నాటుకుపోయింది.

తర్వాత ఏ క్లాసూ దేశం పేరుతో మొదలవలేదు. బోర్డు మీద ముందు ప్రశ్నలే ఉంటాయి: ప్రభుత్వాన్ని ఎవరు నిలబెడతారు, ఎవరు దించగలరు, దించాక కుర్చీ ఎవరిది? ఇవే ప్రశ్నలు అన్ని దేశాలకూ వేస్తారు. అమెరికాలో అధ్యక్షుడికి కాంగ్రెస్‌లో మెజారిటీ లేకపోయినా పదవికి ఢోకా లేదు. బ్రిటన్‌లో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ విశ్వాసం పోతే ప్రధాని నిలవలేడు. స్విట్జర్లాండ్‌లో ప్రభుత్వాన్ని నడిపే ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిల్‌ని పార్లమెంటే ఎన్నుకుంటుంది, కానీ నాలుగేళ్లు తిరిగేదాకా అవిశ్వాసంతో దించలేదు. మరి స్విట్జర్లాండ్‌ది పార్లమెంటరీ విధానమా, అధ్యక్ష విధానమా? రెండు డబ్బాల్లోనూ పట్టని దేశాన్ని ముందు పెట్టి ఆలోచింపజేసే టీచర్ దొరకడం అదృష్టమనే అంటాను.

అన్నిటికంటే బాగా జరిగింది అవిశ్వాసం గురించిన పాఠం. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. దించినవాళ్లు కలిసి ఇంకో ప్రభుత్వాన్ని నిలబెట్టలేకపోయారు. సభ రద్దయింది, ఎన్నికలు సెప్టెంబరు, అక్టోబరుల్లో జరిగాయి, ఈలోపు కార్గిల్ యుద్ధం ఆపద్ధర్మ ప్రభుత్వం చేతుల మీదుగానే జరిగింది. పక్కనే జర్మనీని పెట్టారు. అక్కడ 1949 రాజ్యాంగం ప్రకారం కొత్త ఛాన్సలర్‌ని (మన ప్రధాని లాంటి పదవి) ఎన్నుకుంటేనే పాతవారిని అవిశ్వాసంతో దించగలరు. అంతకుముందు, హిట్లర్ రాకముందటి వైమార్ గణతంత్రం రోజుల్లో నాజీలు, కమ్యూనిస్టులు ప్రభుత్వాలను కూల్చడానికి ఒక్కటయ్యేవారు, ఏర్పాటు చేయడానికి కలిసేవారు కాదు. ఆ దెబ్బతోనే ఈ నిబంధన పెట్టుకున్నారు. 1982 అక్టోబరు 1న హెల్మట్ ష్మిట్ దిగడం, హెల్మట్ కోల్ ఎక్కడం ఒకే ఓటింగ్‌లో జరిగిపోయాయి.

ఇంతలో వెనక బెంచీ నుంచి ఒక తిరుపతి అబ్బాయి లేచాడు. "సార్, 1999లో పెట్టింది అవిశ్వాస తీర్మానం కాదు కదా. వాజ్‌పేయి గారే విశ్వాస తీర్మానం పెట్టి ఓడిపోయారు. మరి జర్మనీ నిబంధన దీనికెలా వర్తిస్తుంది?"

సార్ ముఖం వెలిగిపోయింది. "కూర్చోకు నాయనా, నిలబడే ఉండు, అందరూ నిన్ను చూడాలి" అని, బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టారు. జర్మనీలో ఛాన్సలర్ తనే విశ్వాసం కోరి ఓడితే దానికి వేరే ఆర్టికల్ ఉంది. ఓడినంత మాత్రాన వెంటనే దిగిపోనక్కర్లేదు. సభను రద్దు చేయమని అధ్యక్షుణ్ణి కోరవచ్చు. 2005లో ష్రోడర్, 2024 డిసెంబరు 16న షోల్జ్ ముందస్తు ఎన్నికల కోసం ఓడిపోవాలనే ఆ ఓటింగ్ పెట్టించారు. అంటే విశ్వాసానికి, అవిశ్వాసానికి అక్కడ రెండు వేర్వేరు దారులున్నాయి, మన దగ్గర రెండూ ఒకే చోట తేలతాయి. ఆ గంటలో నేను రాసుకున్న నోట్సే ఇప్పటికీ తిరగేస్తుంటాను.

ఎగువ సభల క్లాసు కూడా మన ఊళ్ల నుంచే మొదలైంది. ఆంధ్రాలో శాసనమండలి 1985లో రద్దయి 2007లో తిరిగొచ్చింది, 2020లో మళ్లీ రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానించి మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. తమిళనాడులో 1986లో పోయింది, పోయినట్టే ఉంది. అక్కడి నుంచి రాష్ట్రాల మాట వినిపించే సభ ఎలా ఉండాలనే చర్చకు తీసుకెళ్లారు. అమెరికాలో రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా సెనేట్‌లో ఇద్దరే. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కి 31, తమిళనాడుకి 18, ఆంధ్రాకి 11, సిక్కింకి ఒకటి. జర్మనీ ఎగువ సభ బుండెస్రాట్‌లో రాష్ట్ర ప్రభుత్వాల మనుషులే కూర్చుంటారు, ఒక రాష్ట్రం ఓట్లన్నీ ఒకే వైపు వేయాలి. ఎన్నికల విధానాల మీద పాఠం మామూలుగానే సాగింది, 2024లో బ్రిటన్‌లో లేబర్ పార్టీ సుమారు 34 శాతం ఓట్లతో 650లో 411 సీట్లు గెలిచిన ఉదాహరణ ఒక్కటే గుర్తుండేలా చెప్పారు.

ఇక లోపాలు. ప్రింటెడ్ మెటీరియల్ ఘోరం. బ్రిటన్ పార్లమెంటు కాలపరిమితి గురించి 2011 చట్టమే ఇంకా అమల్లో ఉన్నట్టు రాశారు. అది 2022లోనే రద్దయింది. సార్‌కి చెప్తే వెంటనే ఒప్పుకుని క్లాసులో సరిచేయించారు, ఆఫీసులో మాత్రం కొత్త బ్యాచ్‌కి కూడా అదే జిరాక్స్ ఇస్తున్నారు. ఈ సబ్జెక్టులో పాత సమాచారం అంటే తప్పు సమాచారమే, పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు. టెస్టుల దిద్దుబాటు ఇంకా అన్యాయం. పేపర్ మీద టిక్కులు, చివర్లో ఒక నంబరు, అంతే. పోలిక ఎక్కడ తప్పిందో ఒక్క ముక్క రాయరు.

నాకు అసలు బాధ కలిగించింది వేరే. చెన్నైలో కూర్చుని శ్రీలంకను పావుగంటలో ముగించేయడం. 1978 నుంచి అక్కడ అధ్యక్షుడు, ప్రధాని ఇద్దరూ ఉన్నారు. అధ్యక్షుడి అధికారాలను 2015లో తగ్గించారు, 2020లో పెంచారు, 2022లో మళ్లీ కొంత తగ్గించారు. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు ఒక పార్టీ, ప్రధాని ఇంకో పార్టీ అయిన సందర్భం 1986 నుంచి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ పని నడిచింది. శ్రీలంకలో 2018 అక్టోబరులో అధ్యక్షుడు సిరిసేన తన ప్రధాని రణిల్ విక్రమసింఘేని తీసేసి మహింద రాజపక్సను కూర్చోబెట్టారు, నవంబరులో పార్లమెంటును రద్దు చేశారు. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లదన్నాక రణిల్ తిరిగొచ్చారు. ఒకే తరహా ఏర్పాటు ఒక చోట సర్దుకుని, ఇంకో చోట సంక్షోభం ఎందుకైందో అడగడానికి ఇంతకంటే మంచి జంట ఏముంది? సార్ పద్ధతికి అచ్చంగా సరిపోయే పాఠం ఇది. టైము లేదని వదిలేశారు. నేపాల్‌కి కూడా మొదటి క్లాసు తర్వాత మళ్లీ చోటు దొరకలేదు. యాజమాన్యం ఇంకో రెండు ఆదివారాలు పెంచితే, కాస్త ఫీజు ఎక్కువైనా అందరం కడతాం.

పాలిటీ బేసిక్స్ ఒకసారి చదివినవాళ్లకి ఈ బ్యాచ్ ధైర్యంగా చెప్తాను. అసలు కొత్తవాళ్లు ముందు మన రాజ్యాంగం చదువుకుని రండి, లేకపోతే వేగం అందుకోలేరు. ఫీజు రెండు విడతల్లో కట్టొచ్చు, డెమో క్లాసు అడిగితే కాదనరు. మెటీరియల్ డబ్బులు వేరుగా అడుగుతారు, అవి కట్టకండి. సార్ చెప్పింది రాసుకోవడానికి మంచి లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి.